కొట్టివేసిన నాలుగు పేజీలు

మా బడి పిల్లల లెక్కల పుస్తకాలు చూసి తనిఖీకి వచ్చిన అధికారులు ముచ్చటపడేవారు. నాలుగు వైపులా మార్జిన్, జవాబు కింద స్కేలు పెట్టి రెండు గీతలు, రేఖాగణితమైతే దత్తాంశం, సారాంశం, ఉపపత్తి అని మూడు శీర్షికలు. ఆలోచించుకుంటూ గీకేదంతా, అంటే రఫ్ పని, వెనక పేజీల్లోనే చెయ్యాలి. అక్కడ లెక్క తేలాక ముందు పేజీలోకి శుభ్రంగా ఎత్తి రాయాలి. పరీక్ష ముగియడానికి పది నిమిషాల ముందు హెచ్చరిక గంట కొడతారు కదా, అది వినబడగానే చేస్తున్న పని ఎక్కడిదక్కడ ఆపి, రఫ్ పేజీలను ఒక మూల నుంచి ఇంకో మూలకు స్కేలుతో గీత గీసి కొట్టెయ్యాలి. గీత గీయకుండా పేపరు ఇచ్చిన పిల్లను వెనక్కి పిలిచి అందరి ముందూ నిలబెట్టేదాన్ని. "ఇల్లు ఊడ్చి చెత్త వాకిట్లనే పెట్టి పోతరా?" అని అరిచేదాన్ని. నాకు కోపం ఎక్కువ. ఈ వయసుకు కూడా తగ్గలేదు.

ఆ పద్ధతి ఊరికే పట్టుకున్నది కాదు. మాది మోత్కూర్ దగ్గరి ఊరు, ఊరి చివరి వాడ. అమ్మా బాపూ ఇద్దరూ కూలికి పోయేవాళ్ళు, ఆదివారం మాత్రం మమ్మల్ని తీసుకుని ప్రార్థనకు పోయేవాళ్ళు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక వానాకాలం ఇల్లు కురిసి నా లెక్కల పుస్తకం తడిసింది. పొయ్యి మీద ఆరబెడితే మసి అంటుకుంది. లెక్కలసారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "కడుక్కొని రా పో" అని తలుపులోంచి బయటికి విసిరాడు. అందులో లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయన చూడలేదు. తరువాత నేను టీచరునై, మా ఊరికి పది కిలోమీటర్ల దూరంలోని ఉన్నత పాఠశాలకు వచ్చినప్పుడు ఒక్కటే అనుకున్నాను. మా వాడల పిల్లల కాగితం చూసి ఎవ్వడూ ముక్కు చిట్లించకూడదు. పదో తరగతి జవాబు పత్రాలు దిద్దడానికి పోయినప్పుడు కూడా చూశాను. కొట్టివేతలూ మరకలూ ఉన్న పేపరు చేతికి రాగానే దిద్దేవాళ్ళ ముఖం మాడిపోతుంది, అర మార్కు అక్కడే ఎగిరిపోతుంది. అందుకే నా పద్ధతి నాకు బైబిలుతో సమానమైపోయింది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు ఆ పిల్ల మా బడిలో తొమ్మిదో తరగతిలో చేరింది. తండ్రి ట్రాక్టరు డ్రైవరు. తల్లి పత్తి ఏరడానికి, మిరపతోటలకు కూలికి పోయేది. పత్తి సీజనులో సెలవు దొరికితే ఆ పిల్ల కూడా తల్లి వెంట చేనుకు పోయేది. చేతిరాత చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. అక్షరాలన్నీ కోడి గెలికినట్టుండేవి. మొదటి నెలంతా నేను ఆ పిల్లను తిట్టడమే తప్ప ఇంకేం చెయ్యలేదు.

ఆ ఏడు నల్లగొండలో జరిగిన శిక్షణలో తోటి టీచరొకాయన నాకు కొన్ని పాత ప్రశ్నపత్రాలు ఇచ్చాడు. హైస్కూలు పిల్లలకు దేశమంతటా జరిగే గణిత పోటీవి. మొదటి దశ పరీక్షలో నెగ్గినవాళ్ళు రెండో దశకు, అందులో నెగ్గినవాళ్ళు ఇంకా పైకి, అట్లా ఎంచుకుంటూ పోయి చివరికి కొద్దిమందికి గొప్ప గొప్ప లెక్కల పండితుల దగ్గర శిబిరం పెడతారు. ఆ ప్రశ్నలు చూసి నాకు కళ్ళు తిరిగినంత పనైంది. పాఠ్యపుస్తకంలో దేనికీ దగ్గరగా లేవు. ఒకదాన్ని పట్టుకుని రెండు రోజులు కుస్తీ పట్టాను, రాలేదు. ఏవైనా ఐదు పూర్ణసంఖ్యలు ఇస్తే, వాటిలోంచి మూడింటిని ఏరి కూడినప్పుడు మొత్తం మూడుతో భాగించబడేటట్టు ఎప్పుడైనా ఏరుకోవచ్చని నిరూపించాలి. శనివారం చివరి పీరియడులో, పిల్లలు ఇంటికి పోయే తొందరలో ఉన్నారు కదా, కాసేపు నోరు మూసుకుని కూర్చుంటారని దాన్ని బోర్డు మీద రాశాను.

ఆ పిల్ల లేచింది. పుస్తకం కూడా తెరవలేదు.

"మూడు గంపలు పెట్టుకోవాలె టీచర్. మూడుతోని భాగిస్తె శేషం సున్న వచ్చేటియి ఒక గంపల, ఒకటి వచ్చేటియి ఇంకో గంపల, రెండు వచ్చేటియి ఇంకో గంపల. మూడు గంపలల్ల ఒక్కొక్కటన్న ఉంటె గంపకొకటి తీస్త. సున్న, ఒకటి, రెండు కలిస్తె మూడే గద. ఏదన్న గంప ఖాళీ ఉన్నదనుకోన్రి, ఐదిటికి ఐదు మిగిలిన రెండు గంపలల్లనే పడాలె. గప్పుడు ఒక దాంట్ల మూడన్న ఉంటయి. గా మూడు తీస్త, మూడిటికి ఒక్క శేషమే గద, కూడితె మూడుతోని పోతది. అయిపాయె."

చాక్‌పీసు నా చేతిలోనే ఉండిపోయింది. నిజం చెబుతాను, మొదట నాకు కలిగింది సంతోషం కాదు, అసూయ. ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్న మనిషిని, రెండు రోజులు రాని లెక్క ఈ పిల్లకు నిలబడిన చోటే ఎట్లా వచ్చింది? సంతోషం తర్వాత వచ్చింది. వచ్చాక ఇక ఆగలేదు. పెద్దసారు గదికి పరుగెత్తి, "సార్, మన బడిల ఒక పిల్ల ఉన్నది సార్" అని రొప్పుతూ చెప్పాను. మా ప్రధానోపాధ్యాయుడు మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపి, "ముందు కూసోన్రి మేడం" అన్నాడు.

మరుసటి ఏడు, ఆ పిల్ల పదో తరగతిలోకి వచ్చాక, పోటీకి నేనే ఫోన్లో ఫారం నింపాను. మొదటి దశలో రాసేదేమీ ఉండదు. జవాబు సంఖ్య ఏదో తేల్చి గుండ్రటి గడులు నింపడమే. నల్లగొండలో రాసింది. నెగ్గింది. మా మండలంలో అట్లాంటి పరీక్ష ఒకటి ఉందనే ఎవరికీ తెలియదు కాబట్టి పండుగ చేసుకున్నది నేనూ పెద్దసారూ మాత్రమే.

ఫలితం చెప్పడానికి వాళ్ళింటికి పోయాను. తల్లి అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. నా మాటంతా ఓపికగా విన్నది. తెలివైన మనిషి. విన్నాక తన మనసులో ఉన్నది దాచలేదు.

"టీచరమ్మా, మా అక్క పాలమూరు దవాఖానల నర్సు. పది కాంగనె పిల్లను పంపు, నా దగ్గర పెట్టుకుని రక్తపరీక్షల కోర్సుల చేర్పిస్త, రెండేండ్లల్ల నౌకరి అంటాంది. మీరేమో లెక్కలు అంటున్రు. లెక్కలు చదివితె ఏమైతరో నాకెరుకలే. గని గా పరీక్షల నెగ్గితె, దేశం మొత్తంల ఎంచిన పిల్లలల్ల మా బిడ్డ ఉన్నదంటె, నేను అడ్డం రాను. మా అక్కకు నేనే చెప్పుకుంట. నెగ్గకుంటె మాత్రం మీరు నాకు అడ్డం రావద్దు."

"నెగ్గుతది" అన్నాను. అంత ధీమాగా అన్నాను.

పిల్ల గడప మీద కూర్చుని మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. నేను బయలుదేరినప్పుడు వీధి మలుపు దాకా వెంట వచ్చి, "టీచర్, శిబిరంల లెక్కలు తప్ప ఇంకేం చెయ్యరా? పొద్దంత లెక్కలేనా?" అని అడిగింది. పొద్దంతా లెక్కలే అని చెప్పాను. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తన జీవితంలో తన కోసం అడిగింది అదొక్కటేనేమో.

రెండో దశలో సంఖ్యలు సరిపోవు, నిరూపణలు రాయాలి. మూడు గంటలు, ఆరు ప్రశ్నలు. అది తెలిసి నేను మురిసిపోయాను. లెక్కలు తెచ్చుకోవడం ఆ పిల్ల చూసుకుంటుంది, రాయించడం నేను చూసుకుంటాను అనుకున్నాను. రాయించడం నా పని కదా! బడి అయ్యాక రోజూ గంటసేపు కూర్చోబెట్టాను. పాత ప్రశ్న ఇస్తే ఆ పిల్ల వెనక పేజీలో నాలుగు బాణాలు, రెండు గంపలు, ఒక సగం వాక్యం గీకేది. లెక్క అక్కడే పూర్తయ్యేది. కిందా మీదా చదివితే అర్థమయ్యేది కూడా. నేను ఒప్పుకునేదాన్ని కాదు. దత్తాంశం అని రాయి, కింద గీత గీయి. పటం పెన్సిలుతో వెయ్యి. ఇప్పుడు ఎత్తి రాయి.

ఒకరోజు పెన్ను కింద పెట్టి అడిగింది. "టీచర్, రఫ్‌లనే సక్కగ వచ్చింది గద. మల్ల ఎందుకు రాసుడు? శాన టైం పోతాంది."

నాకు చర్రుమంది. "ఏంది పోరీ, నాకే చెప్తున్నవా? పట్నం పిల్లల పేపర్లు ఎట్లుంటయో ఎరుకేనా? ముత్యాల్లెక్క ఉంటయి. గీ కోడిగీతలు చూస్తె లోపల ఏమున్నదో చూడకుంటనే అవతల పడేస్తరు" అన్నాను. పట్నం పిల్లల పేపర్లు నేను ఒక్కటి కూడా చూసింది లేదు. ఆ పిల్ల తల వంచుకుని స్కేలు తీసుకుంది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. నెల తిరిగేసరికి చేతిరాత నిజంగానే చక్కబడింది. టేబులు మీద గంట పెట్టుకుని నేనే కొట్టేదాన్ని, అది మోగగానే ఆ పిల్ల చెయ్యి తనంతట తానే వెనక పేజీలకు పోయేది. అంత బాగా నేర్పానన్నమాట.

పరీక్ష హైదరాబాదులో, ఆదివారం. తెల్లవారగానే మొదటి బస్సెక్కాం. ఇంట్లో నూరిన పల్లీల పచ్చడి, అన్నం టిఫిను డబ్బాలో పెట్టి పంపింది తల్లి. పెద్ద ప్రైవేటు బడి అది. గేటు బయట కార్ల వరుస. తల్లిదండ్రులు పిల్లల చేతుల్లోంచి లావుపాటి పుస్తకాలు చివరి నిమిషంలో లాక్కుంటున్నారు. ఆ పుస్తకాల పేర్లు కూడా నేను ఎప్పుడూ వినలేదు. మా పిల్ల కొత్త పెన్నులు రెండు, స్కేలు, పెన్సిలు పట్టుకుని నిలబడింది. "సూచనలు చదువుకుంట కూసోకు, ఏ పరీక్షకైనా అవే ఉంటయి. సక్కగ ప్రశ్నలకు పో" అని చెప్పి పంపాను.

మూడు గంటలు అక్కడే గోడ నీడలో కూర్చున్నాను. బయటికొచ్చినప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి. వేళ్ళకు సిరా, చెదిరిన జడ, కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. "టీచర్, నాలుగొచ్చినయి! ఐదోది గూడ వచ్చేదే, జర టైముంటె!" అంది. నాలుగు! పాత పేపర్లు చూసిన లెక్కన మూడు వస్తే చాలు, పైకి పోవచ్చు. నేను ఆ పిల్లను రోడ్డు మీదే కౌగిలించుకున్నాను.

తిరుగు బస్సులో డబ్బా విప్పుకుని తింటూ ఒక్కో లెక్కా చెప్పింది. ఒకటి నాకు ఇప్పటికీ గుర్తు. మూడు అడ్డవరుసలు, తొమ్మిది నిలువు వరుసలుగా చుక్కలు ఉంటాయి. ప్రతి చుక్కకూ ఎరుపో నీలమో రంగు వెయ్యాలి. ఎట్లా వేసినా సరే, నాలుగు మూలలూ ఒకే రంగున్న దీర్ఘచతురస్రం ఎక్కడో ఒకచోట పడి తీరుతుందని నిరూపించాలి.

"గీ సీటు చూడున్రి టీచర్, ఒక నిలువు వరుస అనుకోన్రి. ముగ్గురు కూసుంటరు. ఒక్కో జాగల ఆడమనిషన్న కూసోవాలె, మొగమనిషన్న కూసోవాలె. మొత్తం ఎన్ని తీర్ల కూసుంటరు? ఎనిమిది తీర్లే. మరి గట్లాంటి సీట్లు తొమ్మిదుంటె? రెండు సీట్లు తప్పకుంట ఒక్క తీరుగనే ఉంటయి. గా సీట్ల ముగ్గురు ఉన్నరు, రెండే రకాలు. అంటె ఇద్దరన్న ఒక్క రకమే. గా ఇద్దరు, గీ సీట్ల గిదే జాగల ఇద్దరు. నాలుగు మూలలు దొరికినయా లేదా?"

దొరికాయి. నేను బస్సంతా కలయజూశాను, ముగ్గురు కూర్చునే సీట్లను లెక్కబెట్టాను, నవ్వు ఆపుకోలేకపోయాను. ఎంత బాగా చెప్పింది! దిద్దేవాళ్ళు కూడా నవ్వుకుంటారు అనుకున్నాను. అప్పుడు అడిగాను, "గిదంతా మంచిగ రాసినవా బిడ్డా?"

"మొదటిది మంచిగ రాసిన టీచర్, మొత్తం. గిదేమో పటం కాడ ఆగిపాయె. ఇరవై ఏడు చుక్కలు గద, స్కేలుతోని పెట్టుడే టైమంత తిన్నది. మిగిలిన రెండు ఎత్తి రాసుడు కాలే. గని ఫికర్ లేదు, రఫ్‌ల అన్నీ మొత్తం చేసిన."

"రఫ్ పేజీలు..." అన్నాను.

"కొట్టేసిన టీచర్. గంట కొట్టంగనె. నాలుగు పేజీలు, మూల నుంచి మూలకు. మీరు చెప్పినట్టె."

"ప్రశ్నపత్రం ఏది?" అని అడిగి తీసుకున్నాను. పైన సూచనలు ఉన్నాయి, తెలుగులోనే. మూడోది చదివాను. మీరు ఆలోచించిన తీరంతా జవాబులో భాగమే, సగం వచ్చినా మార్కులుంటాయి. విడిగా ఎత్తి రాయనవసరం లేదు. కొట్టివేసినది మాత్రం దిద్దబడదు.

ఆ పిల్ల కిటికీలోంచి చూస్తూ పచ్చడన్నం తింటోంది. నేను ప్రశ్నపత్రం మడిచి నా సంచిలో పెట్టుకున్నాను. భువనగిరి వచ్చింది, పోయింది. అప్పుడే చెప్పి ఉండవచ్చు. ఈ ఒక్కరోజైనా సంతోషంగా ఉండనీ, రేపు చెబుదాం అనుకున్నాను. రేపు కూడా అట్లాగే అనుకున్నాను.

పరీక్ష నడిపేవాళ్ళ నంబరు పట్టుకుని ఫోను చేశాను. పిల్లకు లెక్కలన్నీ వచ్చాయి, కొట్టేసినవి చూడండి, తప్పు పిల్లది కాదు అని బతిమాలాను. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. "అందరికీ ఒకటే నిబంధన మేడం. ముందే రాశాం కదా" అన్నాడు. ఫోను పెట్టేశాను. కొద్ది వారాలకు జాబితా వచ్చింది. పై నుంచి కిందికి మూడుసార్లు చూశాను.

వాళ్ళింటికి పోయేటప్పుడు దారి పొడవునా చెప్పాల్సిన మాట తయారు చేసుకుంటూనే పోయాను. పిల్లకు వచ్చింది, నా పద్ధతి ముంచింది, తప్పు నాది. మూడే ముక్కలు. వాకిట్లో తల్లి, ఇద్దరు ముగ్గురు పక్కింటివాళ్ళు ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నారు. నన్ను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. వాళ్ళ వాడ కూడా మా వాడలాంటిదే. మా దాంట్లోంచి ఒక ఆడపిల్ల చదివి టీచరైందని నా మీద వాళ్ళకు ఎంత గౌరవమో నాకు తెలుసు. ఎవరో కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి మరీ వేశారు.

నెగ్గలేదని చెప్పాను. తల్లి చేతిలోని తొడిమలు కింద పారేసింది. తర్వాత అడిగింది. "ఒక్క మాట చెప్పున్రి టీచరమ్మా. పిల్లకు రాక పోయిందా, ఇంకేమన్న అయిందా? రానీకె ఉన్నదంటె చెప్పున్రి, ఇంకో ఏడు చూస్త, లెక్కలే చదవనిస్త. మా అక్క ఏమన్న అనుకోనీ. మీరేదంటె గదే."

మీరేదంటే అదే అన్నది. అంతకన్నా పెద్ద తలుపు నా ముందు ఇంకెవరు తెరుస్తారు? పక్కింటివాళ్ళంతా నా నోటి వైపే చూస్తున్నారు. పిల్ల తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ క్షణంలో నాకు కనబడింది ఆ పిల్ల కాదు, నేనే. టీచరమ్మ తప్పు చెప్పిందట, టీచరమ్మే ముంచిందట అని వాడంతా చెప్పుకోవడం.

"మంచిగనే చేస్తది గని, గా పరీక్షకు సరిపోయేంత లెక్క మన పిల్లకు రాదు" అన్నాను.

ఛీ! ఇప్పుడు రాస్తుంటే కూడా నా చెంపలు నేనే వాయించుకోవాలని ఉంది. తల్లి తల ఊపింది. "గంతే కావచ్చు. మనకేడికెల్లి వస్తది" అని మళ్ళీ మిరపకాయల ముందు కూర్చుంది. పిల్ల లోపలికి పోయింది. నేను టీ తాగి వచ్చాను. తాగకపోతే ఏమనుకుంటారో అని తాగాను.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఆ పిల్లకు లెక్కల్లో నూటికి నూరు వచ్చాయి. బడి గోడ మీద ఫోటో అతికించారు. జూన్ రాకముందే వాళ్ళ పెద్దమ్మ వచ్చి పాలమూరు తీసుకుపోయింది. పోయే ముందు బడికి వచ్చి నా కాళ్ళకు దండం పెట్టింది. చెప్పడానికి అది ఇంకో అవకాశం. దాన్నీ పోగొట్టుకున్నాను.

ఆ తర్వాత ప్రతి ఏడూ మొదటి దశకు ఇద్దరు ముగ్గురు పిల్లలను పంపాను. రెండో దశకు ఒక్కరూ చేరలేదు. ఆ పద్ధతిని నేను మానేశాను గానీ, మానేసినందువల్ల బాగుపడినవాళ్ళు ఎవరూ లేరు. మధ్యలో బడులు మూతబడి పిల్లలంతా ఫోన్లలో పాఠాలు విన్న కాలం వచ్చింది, పోయింది. తిరిగొచ్చిన పిల్లలకు ఎక్కాలు కూడా మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఇక పోటీ మాట నేనూ ఎత్తలేదు.

పోయిన ఏడు పని మీద మహబూబ్‌నగర్, అదే పాలమూరు పోయి, మా చెల్లె ఇంట్లో వారం ఉన్నాను. కళ్ళు మసకబారుతున్నాయంటే షుగరు చూపించుకొమ్మని చెల్లె దవాఖానకు పంపింది. రక్తం తీసే గదిలో తెల్లకోటు వేసుకుని ఉన్నది ఆ పిల్లే. పిల్ల ఏంటి, ఎదిగిన మనిషైంది. నన్ను చూడగానే లేచి, "టీచర్!" అని అరిచింది. వరుసలో ఉన్నవాళ్ళను ఆగమని నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. అమ్మ బాగుందట. తనకూ బాగానే ఉందట. చేతికి రబ్బరు పట్టీ కడుతూ ఇవన్నీ చెప్పింది.

"ఇప్పుడు లెక్కలు ఏమన్న చేస్తవా బిడ్డా, ఊరికె, సరదాకు?" అని అడిగాను.

"ఏడికి టీచర్! పెద్దమ్మ కొడుకు పుస్తకం ఇస్తె గూడ దూరం జరుగుత. మనకు రాని పని మనకెందుకు. పిడికిలి పట్టున్రి."

పిడికిలి పట్టాను. అన్నేళ్ళుగా నాలో కుళ్ళుతున్నది నోట్లోకి వచ్చేసింది. సూది లోపల ఉండగానే చెప్పాను. మూడో సూచన చెప్పాను. నాలుగు లెక్కలూ సరిగ్గా వచ్చాయని, ఎత్తి రాయాల్సిన పనే లేదని, గంట కొట్టగానే కొట్టెయ్యమని చెప్పి నేనే ముంచానని చెప్పాను. ఆ ప్రశ్నపత్రం ఇంకా నా బీరువాలో ఉంది, పంపిస్తాను, చూడు అని చెప్పాను. వాళ్ళ అమ్మతో నేనన్నది అబద్ధమని చెప్పాను. నీకు వచ్చు బిడ్డా, నాకన్నా వచ్చు అన్నాను. నా కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. వరుసలో ఉన్నవాళ్ళు సూదికి భయపడి ఏడుస్తున్నాననుకున్నారేమో.

ఆ పిల్ల చెయ్యి కదలకుండా గొట్టం నిండేదాకా ఆగింది. సూది తీసి దూది పెట్టి నా మోచెయ్యి మడిచింది. చిన్నపిల్లను చూసినట్టు చూసి నవ్వింది. ముఖంలో కోపం ఉందేమో అని వెతికాను. లేదు.

"ఊకోన్రి టీచర్. నన్ను సముదాయించనీకె ఎన్ని మాటలు చెప్తున్నరు! నిజంగ వచ్చిన పిల్లయితె ఎత్తి రాసుడు గంట కొట్టకముందె అయిపోతుండె. నాకు కాలే, గంతే. మీ తప్పేం లేదు."

"అబద్ధం చెప్పిన బిడ్డా, మీ అమ్మకు..."

"మీరు అబద్ధం చెప్పే మనిషి కాదు టీచర్. మా వాడ మొత్తానికి ఎరుక. గా దినం అమ్మ అడిగినప్పుడు మీ నోట్లకెల్లి వచ్చిందే నిజం. గది ఇన్నంకనే నాకు మనసు కుదుటపడ్డది, మల్ల లెక్కల జోలికి పోలే." గొట్టం మీద నా పేరు రాసి డబ్బాలో పెట్టింది. "దూది గట్టిగ పట్టుకోన్రి, ఐదు నిమిషాలు. సాయంత్రం రిపోర్టు ఇస్త."

తర్వాతి వాళ్ళను పిలిచింది. నేను దూది పట్టుకుని పక్క బెంచీ మీదికి జరిగాను.